మామిడి షెడ్డులో ఒంటి అందె అమ్మవారు

మా మనవరాలు చందన బెజవాడలో ఒక కంపెనీలో కథలు చదువుతుంది. గాలి కూడా దూరని గదిలో చెవులకు డిప్పలు పెట్టుకుని మైకు ముందు చదువుతుంది. జనం అవి ఫోన్లలో వింటారు. వాటిలో బాగా పోయేవి మంత్రగాళ్ళ నవలలూ, అమ్మవార్లు పూనే నవలలూ అని చెప్పింది. "అమ్మమ్మా, మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి భయం కథ ఎలా చదవాలో తెలియట్లేదు. నువ్వు షెడ్డులో చేసిన పని రాసివ్వు, వాళ్ళకి చూపిస్తా" అంది.

నేను ఐదో తరగతి సగంలో మానేసినదాన్ని. కానీ చందన జీతం తీసుకుని చేసే పని నేను దానికన్నా చాలా ముందే చేశాను. దాని వెనక కరెంటు ఉంది, ఏసీ ఉంది, తప్పు చదివితే చెరిపేసే మిషను ఉంది. నాకు చుట్టూ సొన కారే కాయలు, వాటి మధ్య ముప్పై మంది ఆడవాళ్ళు ఉండేవారు. ఎవరిది కష్టమో మీరే చూసుకోండి. పాత క్యాలెండరు కాగితాలు ఊరికే పడి ఉన్నాయి కాబట్టి వాటి వెనక రాస్తున్నాను.

పని అంటే ఇది

నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కాయ కోసి షెడ్డుకు తెస్తారు. అక్కడ ఆడవాళ్ళు బారుగా కూర్చుని పెద్దకాయ, చిన్నకాయ, దెబ్బకాయ విడదీసి, చెక్క పెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్దుతారు. సాయంత్రానికి లారీ హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళిపోవాలి. నేను పనిచేసింది రంగారావు గారి షెడ్డులో. ఆయనకు తోటలూ ఉన్నాయి, షెడ్డూ ఉంది.

మొదట్లో నేనూ కాయలు ఏరేదాన్నే. ఒక వారపత్రికలో మంత్రగాళ్ళ సీరియల్ వస్తుండేది. మాలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. భోజనాల వేళ చదివి వినిపించేదాన్ని. గంట కొట్టినా ఆడవాళ్ళు లేచేవారు కాదు. "మీరు ఏరుతూ ఉంటే నేను చదువుతూ ఉంటాను, నా వాటా కాయలు మీరు పంచుకోండి" అన్నాను. ఒప్పుకున్నారు. రంగారావు గారు చూసి, "ఏమ్మా సుబ్బమ్మా, ఇది షెడ్డా, బడా?" అన్నారు. రెండు రోజులు గమనించి ఊరుకున్నారు. కథ నడుస్తుంటే చేతులు నడుస్తాయి, నోళ్ళు నడవవు. పైగా కథ సగంలో వదిలేసి వేరే షెడ్డుకు ఎవరూ పోరు. అంతకంటే ఆయనకేం కావాలి. నాకు మధ్యలో ఒక ఖాళీ పెట్టె బోర్లించి వేశారు. దాని మీద కూర్చుని చదవడమే నా ఉద్యోగం. చదువుకు నాకు దక్కిన కుర్చీ అదొక్కటే.

చేతుల వంక చూడండి

కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సింది ముందు ఇది. చదివేవాళ్ళు కాగితం వంక సగం, వినేవాళ్ళ చేతుల వంక సగం చూడాలి.

ఇది తప్పు చేసి నేర్చుకున్నాను. ఒకసారి మంచి బంగినపల్లి సర్దుతున్నారు. సీరియల్లో మంత్రగాడు శ్మశానంలో శవాన్ని లేపి కూర్చోబెట్టే ఘట్టం. నాకు ఊపొచ్చి గొంతు పెంచాను. అటు శవం లేవడం, ఇటు ఆడవాళ్ళ చేతుల్లోంచి కాయలు జారడం ఒకేసారి అయింది. కింద పడ్డ కాయకు పైకి ఏమీ కనపడదు. రెండు రోజులకు లోపల నల్లబడుతుంది. ఒక్క కాయ నల్లబడితే పెట్టె మొత్తం కుళ్ళుతుంది. పడ్డవాటిని ఎవరూ పక్కన పెట్టలేదు, భయంలో అలాగే సర్దేశారు. సరుకు చేరినచోట నుంచి కబురొచ్చాక రంగారావు గారు నన్ను నిలబెట్టి అడిగారు.

అప్పటి నుంచి భయం ఘట్టాలు గడ్డి పరిచేటప్పుడే చదివాను. చేతిలో కాయ ఉన్నప్పుడు ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, కొండల వర్ణనలు. చందనా, మీరు చదివేది వంట చేసుకుంటూ వింటారు, బండి నడుపుతూ వింటారు. వాళ్ళ చేతుల్లో ఏముందో మీకు కనపడదు. కనపడదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా చదవాలి.

రెండోది పొదుపు. సీరియల్ వారానికి నాలుగైదు పేజీలు. దాన్ని వారమంతా సాగదీయాలి. నేను రోజుకు పేజీ కంటే ఎక్కువ చదివేదాన్ని కాదు. మంచి మాట వస్తే రెండుసార్లు చదివేదాన్ని. అచ్చులో లేని ముక్క ఒక్కటి కలిపేదాన్ని కాదు.

మూడోది మంత్రాలు. నవలల్లో మంత్రాలు రాస్తారు. అవి నిజమైనవో, కల్పించినవో మనకు తెలియదు. అందుకని ఒక అక్షరం వదిలేసి చదవాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నా బుద్ధికి తోచింది. పొయ్యి వెలిగించే పని లేనప్పుడు అగ్గిపుల్ల గీయకూడదు.

నా పెట్టె మీద నాగరత్నం

ఇప్పుడు నాగరత్నం సంగతి. మా షెడ్డులోనే ఏరేది. మైలవరం అవతల నుంచి కోడలిగా వచ్చింది. అదీ కాస్త చదువుకుంది, కానీ మూడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా ఎదురుగా కూర్చుని నేను చదివేది వింటూ ఉండేది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మా అమ్మాయి పురుటికి ఇంటికొచ్చింది. మంచి కాపు రోజులు. పురిటి మైలలో పనికి వెళ్ళకూడదు కదా, ఇంట్లోనే ఉన్నాను. అప్పుడు పుట్టింది చందనే. అది పుట్టి నా పెట్టె పోగొట్టింది అని ఇప్పటికీ అంటాను, నవ్వుతుంది.

మైల తీరి షెడ్డుకు వెళ్ళేసరికి నాగరత్నం నా పెట్టె మీద ఉంది. వారపత్రిక దాని ఒళ్ళో ఉంది. మంత్రగాడి మాట వస్తే గొంతు బొంగురు చేస్తోంది. ముసలమ్మ మాట వస్తే పళ్ళు లేనట్టు మాట్లాడుతోంది. ఆడవాళ్ళు నా వంక తలెత్తి కూడా చూడలేదు.

"వచ్చావా వదినా, కూర్చో. ఇక్కడ కథ మంచి పట్టులో ఉంది" అని ఏరేవాళ్ళ వరసలో చోటు చూపించింది. నా షెడ్డులో నాకు చోటు చూపించింది.

పక్కన పోలమ్మ ఉంది. పెద్దగా మాట్లాడని మనిషి. "ఏమే, నేను లేనని దాన్ని కూర్చోబెట్టారు సరే, ఇప్పుడు వచ్చానుగా" అన్నాను.

"నువ్వు చదివితే తెలుస్తుందక్కా. అది చదివితే కనపడుతుంది" అంది పోలమ్మ, కాయ మీద నుంచి చూపు తీయకుండా.

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. మళ్ళీ ఏరే వరసలో కూర్చుంటే చేతులకు సొన అంటి పొక్కులు వచ్చాయి. అవి నాకు మంట అనిపించలేదు. నాగరత్నం వారం పేజీలన్నీ మొదటి రోజే చదివేసేది. దుబారా మనిషి. మిగతా రోజులు సొంతంగా కల్పించి చెప్పేది. మళ్ళీ పత్రిక వచ్చాక, "అదంతా లచ్చికి వచ్చిన కలే" అని సీరియల్లో పిల్ల మీద పెట్టి తుడిచేసేది. జనం అది కూడా విన్నారు. నాకు ఒళ్ళు మండేది. అయినా నిజం చెప్పాలి, నేను దాని నుంచి నేర్చుకున్నంత ఎవరి నుంచీ నేర్చుకోలేదు. ఎక్కడ ఊపిరి ఆపుతోంది, ఎక్కడ కళ్ళెత్తుతోంది అని రోజంతా కనిపెట్టి ఉండేదాన్ని. ఇష్టం ఉన్నవాళ్ళు సగమే వింటారు. కడుపుమంట ఉన్నవాళ్ళు ప్రతి అక్షరం వింటారు. ఈ పనిలో నాకు గురువు ఆ మంటే.

అమ్మవారు వచ్చింది

ఆ సీరియల్ కథ ఇది. నల్లకోనమ్మ అనే కొండ అమ్మవారి కుడికాలి అందెను ఒక మంత్రగాడు దొంగిలించి నేపాలు మంచుకొండలకు పారిపోతాడు. లచ్చి అనే పిల్ల ఆ అమ్మవారి గణాచారి, అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చి మాట్లాడే మనిషి. అందె కోసం అంత దూరం వెళుతుంది. నేపాలులో డోలు వాయించి దేవతలను పిలిచే ముసలాయన ఒకడు తోడు వస్తాడు. వాళ్ళ దేశంలో గణాచారి లాంటివాడు. ఇద్దరూ మంచుగుహలోకి వెళతారు. అక్కడ సన్నటి లోతు గొయ్యి, దాని అడుగున అందె. ఇంతలో మంత్రగాడు గుహ మూతికి బండ దొర్లిస్తాడు. అక్కడ సశేషం.

ఆ సశేషం దాకా నాగరత్నం చదివిన రోజు చెబుతున్నాను. ముసలాయన డోలు వాయిస్తూ మంత్రం చదివే చోట అది కూర్చున్న పెట్టె దిగి, పెట్టెను ముందు పెట్టుకుని రెండు చేతులతో వాయించింది. మంత్రం అక్షరం వదలకుండా చదివింది. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క దెబ్బ.

పోలమ్మ చేతిలో చిన్నరసం కాయ ఉంది. అది కింద పెట్టి లేచి నిలబడింది. కుడికాలు నేలకు ఆనించలేదు. జుట్టు విడిపోయింది. ఒంటికాలి మీద ఊగడం మొదలుపెట్టింది.

మాకు పూనకాలు కొత్త కాదు. ఒకరు వేపమండలు తెచ్చారు, ఒకరు పసుపు నీళ్ళు కలిపారు. అందరిలో పెద్దదాన్ని కాబట్టి నేనే అడిగాను.

"ఎవరు తల్లీ నువ్వు?"

మా ఊరి అమ్మవారి పేరు చెబుతుందనుకున్నాను.

"నల్లకోనమ్మను. నా కుడికాలి అందె ఏదే?"

నల్లకోనమ్మకు గుడి లేదు, ఊరు లేదు. ఎవరో రచయిత ఇంట్లో కూర్చుని రాసిన అమ్మవారు. ఆ అమ్మవారు వచ్చి మా కాయల మధ్య ఒంటికాలి మీద నిలబడింది. "వచ్చేవారం తెస్తాం తల్లీ, శాంతించు" అన్నాను. వచ్చేవారం పత్రిక వస్తుంది కదా అని నా ఉద్దేశం. పోలమ్మ పడిపోయింది.

అప్పుడు కూడా నా మనసులో ఏముందో దాచను. ఇన్నేళ్ళు నేను చదివితే ఒక్క దేవతా రాలేదు. దాని డోలుకు వచ్చింది.

షాపులోని అందె

వచ్చేవారం పత్రిక రాలేదు. హనుమాన్ జంక్షన్ లో బుక్ స్టాల్ అతన్ని అడిగించాం. "ఆ పత్రిక మూసేశారమ్మా, ఇక రాదు" అన్నాడట.

పోలమ్మ కుడికాలు నేల మీద పెట్టలేకపోతోంది. కర్ర పట్టుకుని కుంటుతోంది. అడిగితే, "నాకేం నొప్పి లేదక్కా, ఆనట్లేదు" అనేది. ఆడవాళ్ళు షెడ్డుకు రావడం మానేశారు. అమ్మవారికి మాటిచ్చి తప్పినచోట కాయ ముట్టుకోం అన్నారు. కాయలు షెడ్డులోనే మాగిపోతున్నాయి. రంగారావు గారు మా పేటకు వచ్చారు.

"సీరియల్లో అమ్మవారేంటమ్మా? రేపు ఇంకో సీరియల్లో దెయ్యం వస్తే దానికీ పని మానేస్తారా?" అన్నారు.

"మీకు పూనలేదు కాబట్టి అట్లా అంటున్నారండీ" అంది ఎవరో.

ఆయన మంచి మనిషే. మర్నాడు వెండి అందె కొని పట్టుకొచ్చారు. అందరం షెడ్డులో చేరాం. పట్టపగలు. నాగరత్నం పెట్టె వాయించింది. పోలమ్మకు అమ్మవారు వచ్చింది. రంగారావు గారు చేతులు జోడించి అందె ఆమె పాదం ముందు పెట్టారు.

అమ్మవారు ఎడమకాలితో గెంతి దగ్గరకు వచ్చి చూసింది. "ఇది షాపులోది. నాది గొయ్యిలో ఉంది. లచ్చి లోపల ఉంది. మీరంతా బయట కూర్చుని తింటున్నారు" అంది.

రంగారావు గారు నా వంక చూశారు. నేను నాగరత్నం వంక చూశాను. కలలు కల్పించే మనిషి కదా, ఇదీ కల్పించి ముగించాలి కదా. అది తల వంచుకుంది.

"చెప్పవే, నీకు రాందేముంది" అన్నాను. ఎగతాళిగానే అన్నాను.

"ఆడవాళ్ళకి చెప్పడం వేరు వదినా. అమ్మవారికి ఎదురుగా అబద్ధం ఎట్లా చెప్పను?" అంది.

నా చోటు నాకు మళ్ళీ వచ్చేది అప్పుడే అని తెలిసింది. ఈ ముగింపు ఎవరు చెబితే పెట్టె వాళ్ళది. నేను ముందుకు వచ్చి చెప్పాను.

"లచ్చి గొయ్యిలోంచి అందె తీసింది తల్లీ. బయటకొచ్చింది. తెచ్చి నీకిచ్చింది."

అమ్మవారు నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అంత తొందరేంటే, లారీ వెళ్ళిపోతోందా? ఎట్లా తీసింది?"

పుట్టి బుద్ధెరిగాక అచ్చులో లేని ముక్క నేను చెప్పలేదు. ఎదురుగా గోడకు చిక్కం ఆనించి ఉంది. గెడకర్ర చివర వల కట్టి, చిటారు కొమ్మన ఉన్న కాయను కింద పడకుండా కోస్తారే, అది.

"చిక్కంతో తీసింది తల్లీ" అన్నాను.

"మంచుకొండల్లో చిక్కం ఎక్కడిదే?"

"అల్లింది. తన జుట్టు కోసి అల్లింది. ముసలాయన చేతికర్రకు కట్టింది. గొయ్యిలోకి దించింది. అందె వలలో పడగానే లాగలేదు. లాగితే జారుతుంది. కాయను తొడిమ దగ్గర తిప్పినట్టు మెల్లగా తిప్పింది. పాము ఒకటి గెడకు చుట్టుకుంది. అయినా వదల్లేదు. చెయ్యి నొప్పెట్టినా తొందరపడలేదు. పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది."

ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు నాకు తెలియదు. కాయలు కోసిన చేతుల్లోంచి వచ్చాయి. ఆడవాళ్ళు దగ్గరకు జరిగి వింటున్నారు. నాకే కనపడుతోంది ఆ గొయ్యి.

"బండ ఎట్లా తొలిగింది?" అంది అమ్మవారు.

అక్కడ ఆగిపోయాను. బండ సంగతి నా చేతులకు తెలియదు.

నాగరత్నం పెట్టె మీద చెయ్యి వేసింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. "డోలు" అన్నాను నేను. "ముసలాయన డోలు వాయించాడు తల్లీ." అది వాయిస్తోంది. "మంచు బీటలిచ్చింది." అది ఇంకా గట్టిగా వాయించింది. "బండ కదిలింది. ఎండ లోపలికి వచ్చింది. లచ్చి నడిచి వస్తోంది, కొండలు దిగి, నదులు దాటి, మన తోటలోకి వస్తోంది." నేను వెండి అందె తీసుకుని పోలమ్మ కుడిపాదానికి తొడిగాను.

పాదం నేల మీద ఆనింది. పూర్తిగా ఆనింది.

అమ్మవారు నవ్వింది. నా తల మీదుగా నాగరత్నం వంక చూసి, "డోలు బాగుంది" అంది. పోలమ్మ పడిపోయింది.

నా చిక్కం గురించి ఒక్క మాట లేదు.

తర్వాత సంగతి

పెట్టె ఎవరిదని మళ్ళీ ఎవరూ తేల్చలేదు. నేను నిలబడి చదివేదాన్ని, అది వాయించేది. టీవీలొచ్చి, ఫోన్లొచ్చి షెడ్డులో చదివేవాళ్ళ అవసరం తీరిపోయేదాకా అట్లాగే నడిచింది. చేతిలో కాయ ఉన్నప్పుడు నేను కనుసైగ చేస్తే వాయింపు తగ్గించేది. దానికి ఆ మాత్రం బుద్ధి ఉంది. దానితో కలిసి చదివినన్నాళ్ళు నేను బాగా చదివాను. ఒక్కదాన్నే ఉంటే అంత బాగా చదివేదాన్ని కాను. అందుకే చెబుతున్నాను, మీ ఆఫీసులో మీకంటే బాగా చదివేవాళ్ళు ఉంటే వాళ్ళ పక్క గదిలోనే కూర్చోండి. నిద్ర పట్టదు, పని వస్తుంది.

రంగారావు గారి తోటలో ఒక రసాల చెట్టు కింద నల్లకోనమ్మకు రాయి నిలిపాం. అందె అక్కడే ఉంది. ఏటా మొదటి కోత రోజు అక్కడ కొత్తకాయ పెట్టకుండా ఎవరూ షెడ్డు తెరవరు. ఇప్పుడు చెక్క పెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. అయినా ఆ ఒక్క పెట్టెను దాచి ఉంచారు. దాన్ని వాయించాకే పూజ. దాని పేరు నాగరత్నం పెట్టె. చిన్నపిల్లలు కూడా అట్లాగే అంటారు. లచ్చి కథ కూడా అక్కడ చెబుతారు, జుట్టుతో అల్లిన చిక్కంతో సహా. అది ఎప్పటిదని అడిగితే, "మా తాతల నాటి నుంచీ ఉందండీ" అంటారు. ఆ పక్కనే నేను కూర్చుని ఉంటాను.

ఈ ఏడు మొదటి కోతకు చందన ఆ కథ రికార్డు చేసుకుంటానని వచ్చింది. నాగరత్నాన్ని వాళ్ళబ్బాయి ఆటోలో తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. దానికి ఇప్పుడు చెవిలో చెబితే తప్ప వినపడదు. కుర్రవాళ్ళెవరో పెట్టె వాయించారు. ఆ కథ ఎక్కడ పుట్టిందో తెలియని, ఇంజనీరింగ్ చదివే పిల్ల ఒకతి ఊగుతూ లేచింది. ఒంటికాలి మీద నిలబడి, "నా చిక్కం ఏదే? నా లచ్చి చిక్కం ఏది?" అంది.

చిక్కం అడిగింది. డోలు కాదు.

జనం గెడ తేవడానికి పరిగెత్తారు. నాగరత్నం నా మోచెయ్యి లాగింది. "ఏమంది అమ్మవారు? వదినా, ఏమంది?"

దాని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "చిక్కం అడిగింది."

అది తల ఊపింది. "అడగదా మరి. ఆ రోజు నీ వెనక పెట్టె వాయిస్తూ నేను ఏడ్చాను, తెలుసా? ఎవరూ చూడలేదు. అంత మంచి మాట నాకెందుకు తోచలేదని. ఇన్నేళ్ళూ నీ చిక్కం నా కడుపులో తిరుగుతూనే ఉంది వదినా."

పెట్టె మోత ఆగి చాలాసేపయింది. చెట్టు కింద అంతా నిశ్శబ్దంగా ఉంది. చెవుడు దానికి, నాకు కాదు.

"వినపడలేదు" అన్నాను. "మళ్ళీ చెప్పు."